సుస్థిరత ఎవరికి? సంకీర్ణ ప్రభుత్వాలు, నాయకత్వం, మన లెక్క

సంకీర్ణ ప్రభుత్వం అనగానే మన పత్రికల సంపాదకీయాలకి రెండే మాటలు గుర్తుకొస్తాయి. ఒకటి 'అస్థిరత', రెండోది 'అతుకుల బొంత'. రెండోమాట తిట్టు అనుకుని వాడతారు. మాకు మాత్రం అది తిట్టులా వినపడదు. మా అమ్మలు పాత చీరలూ చిరిగిన పంచెలూ కలిపి కుట్టిన బొంతలు కప్పుకునే మేం చలికాలాలు దాటి చదువుల దాకా వచ్చాం. ఒకే తానులోంచి చింపిన కొత్త దుప్పటి మా ఇళ్ళకి ఎప్పుడూ రాలేదు. కాబట్టి బొంతకి అతుకులు ఉన్నాయా లేవా అన్నది మా ప్రశ్న కాదు. ఆ బొంత ఎవరి మీద కప్పారు, ఎవర్ని చలికి వదిలేశారు అన్నదే మా ప్రశ్న.

ఇన్నేళ్ళుగా రాజకీయ విశ్లేషణ పేరుతో మనకి అందుతున్న సరుకులో ఈ ప్రశ్న లేదు. ప్రభుత్వం ఎన్నాళ్ళు నిలబడింది, నాయకుడు ఎంత గట్టివాడు, ఎంత చాకచక్యంగా మిత్రుల్ని కట్టేసి ఉంచాడు, ఇవే కొలతలు. ఈ కొలతలు ఎవరు తయారుచేశారో, ఎవరి లాభం కోసం చేశారో ఒకసారి చూడాలి. అందుకోసం ఈ వ్యాసంలో ముఖ్యంగా ఉత్తరప్రదేశ్‌లో 1993 నుంచి 2003 దాకా జరిగిన ప్రయోగాలు తీసుకుంటున్నాం. ఢిల్లీ సంగతీ, మన తెలుగు నేల సంగతీ పక్కన పెట్టి పోల్చి చూస్తాం. మనవాళ్ళ తప్పులు కూడా దాచం. దాస్తే అది విమర్శ కాదు, భజన అవుతుంది.

అంబేద్కర్ పెట్టిన కొలబద్ద

రాజ్యాంగ ముసాయిదాను 1948 నవంబరు 4న సభ ముందు పెడుతూ బాబాసాహెబ్ అంబేద్కర్ ఈ విషయం మీద సూటిగానే మాట్లాడారు. ప్రజాస్వామ్యంలో ప్రభుత్వానికి రెండు గుణాలు ఉండాలి, ఒకటి స్థిరత్వం, రెండోది జవాబుదారీతనం అన్నారు. రెండూ సమపాళ్ళలో ఇచ్చే ఏర్పాటు ఇంకా ఎవరూ కనిపెట్టలేదన్నారు. అమెరికా తరహాలో స్థిరత్వం ఎక్కువ, బ్రిటన్ తరహాలో జవాబుదారీతనం ఎక్కువ. మన ముసాయిదా తెలిసి తెలిసీ జవాబుదారీతనం వైపే మొగ్గిందని వివరించారు. అంటే మన రాజ్యాంగానికి 'అస్థిరత' అనేది పొరపాటున అంటిన జబ్బు కాదు. రోజూ లెక్క చెప్పాల్సిన ప్రభుత్వం కోసం ముందే ఒప్పుకున్న ఖర్చు.

అయితే 1990ల్లో సంకీర్ణాలు వరసగా రావడంతో ఈ ఖర్చు మీద ఒక వర్గానికి ఎక్కడలేని బాధ పుట్టుకొచ్చింది. అధ్యక్ష తరహా పాలన కావాలన్న చర్చ మళ్ళీ లేచింది. వాజపేయి ప్రభుత్వం 2000లో రాజ్యాంగ పనితీరు సమీక్షకని జస్టిస్ వెంకటాచలయ్య కమిషన్ వేసింది. ఆ రోజుల్లో దళిత సంఘాలు దేశమంతటా అనుమానపడ్డాయి, నిరసన తెలిపాయి. ఆ అనుమానం ఊరికే పుట్టలేదు. దళితులూ వెనకబడిన కులాలూ తమ సొంత పార్టీలతో చట్టసభల్లోకి వచ్చిన పదేళ్ళలోనే రాజ్యాంగం సరిగా పనిచెయ్యడం లేదని కొందరికి అనిపించడం కాకతాళీయం ఎలా అవుతుంది?

బలమైన ప్రభుత్వాల బీరువాలో పదేళ్ళు

ఒక ఫైలు కథ చూద్దాం. జనతా ప్రభుత్వం 1979 జనవరి 1న మండల్ కమిషన్ వేసింది. జనతా పార్టీ పేరుకే ఒక పార్టీ, లోపల నాలుగైదు పార్టీల సంకీర్ణం. కమిషన్ 1980 డిసెంబరు 31న నివేదిక ఇచ్చింది. అప్పటికి 353 సీట్లతో ఇందిరాగాంధీ ప్రభుత్వం ఉంది. తర్వాత 400 దాటిన సీట్లతో రాజీవ్‌గాంధీ ప్రభుత్వం వచ్చింది. స్వతంత్ర భారతంలో అంత బలమైన ప్రభుత్వాలు అరుదు. ఆ బలమంతా నివేదికని బీరువాలో ఉంచడానికే సరిపోయింది.

బీరువా తలుపు తీసింది 143 సీట్ల జనతాదళ్. ఒకపక్క బిజెపి, మరోపక్క వామపక్షాలు బయటినుంచి పట్టుకుంటే నిలబడ్డ ప్రభుత్వం అది. వి.పి.సింగ్ 1990 ఆగస్టు 7న వెనకబడిన కులాలకి 27 శాతం రిజర్వేషన్ ప్రకటించారు. నవంబరుకల్లా ప్రభుత్వం కూలింది. మొత్తం 11 నెలలు. ఆ 11 నెలల్లోనే అంబేద్కర్‌కి భారతరత్న వచ్చింది, బౌద్ధం తీసుకున్న దళితులకి షెడ్యూల్డు కులాల హోదా వచ్చింది. షెడ్యూల్డు కులాలు, తెగల కమిషన్‌కి రాజ్యాంగ ప్రతిపత్తి ఇచ్చే 65వ సవరణ వచ్చింది. 1992 నవంబరులో సుప్రీంకోర్టు 27 శాతాన్ని నిలబెట్టింది. ప్రభుత్వం పోయింది, పని మిగిలింది. 'విఫల ప్రధాని' అని ఇప్పటికీ పాఠాలు చెప్పే పండితులు ఈ లెక్కని ఏ ఖాతాలో రాస్తారు?

ఇక్కడ తొందరపడి 'సంకీర్ణం మంచిది, ఒకే పార్టీ పాలన చెడ్డది' అని సూత్రం రాసుకుంటే మనమూ పండితుల దారినే పోతాం. షెడ్యూల్డు కులాలు, తెగల మీద అత్యాచారాల నిరోధక చట్టం 1989లో చేసింది ఆ 400 సీట్ల రాజీవ్ ప్రభుత్వమే. కాకపోతే ఆ చట్టం వెనక 1985 జూలై 17 నాటి కారంచేడు ఉంది, చీరాలలో శిబిరాలు వేసుకుని కూర్చున్న జనం ఉన్నారు, ఎన్నికల ముందు జారిపోతున్న ఓట్లున్నాయి. చట్టం వచ్చిన రెండేళ్ళకే, 1991 ఆగస్టు 6న, చుండూరు జరిగింది. 2007లో ప్రత్యేక కోర్టు శిక్షలు వేసింది, 2014 ఏప్రిల్‌లో హైకోర్టు అందర్నీ విడిచిపెట్టింది. అంటే సీట్ల లెక్క ఒక్కటే ఏదీ తేల్చదు. ప్రభుత్వం మెడ మీద ఎవరి చెయ్యి ఉంది అన్నదే తేలుస్తుంది. సంకీర్ణంలో ఆ మెడ కాస్త అందుబాటులోకి వస్తుంది. అంతవరకే దాని మంచి.

కాన్షీరాం దీన్ని బాగా పట్టుకున్నారు. మనకి కావాల్సింది 'మజ్బూత్' సర్కారు కాదు, 'మజ్బూర్' సర్కారు అని ఆయన చెప్పేవారు. గట్టి సర్కారు కాదు, గత్యంతరంలేక మన మాట వినే సర్కారు. ఆ మాట విని చాలామంది పెద్దమనుషులు ముక్కుమీద వేలేసుకున్నారు. కానీ కూలిరేటు పెంచమని కోతల కాలంలోనే ఎందుకు అడుగుతామో తెలిసిన పల్లెకి ఆ మాట అర్థం కావడానికి విశ్లేషకుడు అక్కర్లేదు. చేను పండి నిలబడ్డప్పుడే ఆసామి మజ్బూరు.

లక్నో పొత్తు: పైన కలిశారు, కింద కలవలేదు

బాబ్రీ మసీదుని 1992 డిసెంబరు 6న, అంబేద్కర్ వర్ధంతి రోజున, కూల్చారు. ఏడాది తిరక్కుండా ఉత్తరప్రదేశ్‌లో ఎన్నికలొచ్చాయి. సమాజ్‌వాది పార్టీ 256 చోట్ల, బహుజన సమాజ్ పార్టీ 164 చోట్ల కలిసి పోటీచేశాయి. సమాజ్‌వాదికి 109, బిఎస్పీకి 67 వచ్చాయి. 1991లో 221 ఉన్న బిజెపి 177కి దిగింది. డిసెంబరు 4న ములాయం సింగ్ యాదవ్ ముఖ్యమంత్రి అయ్యారు. మసీదు కూల్చిన రాజకీయాన్ని బడుగు కులాల పొత్తు నిలవరించిందని దేశమంతా సంబరపడింది. మన పత్రికలూ సంబరపడ్డాయి. తప్పేంలేదు, అది సంబరపడాల్సిన విషయమే. 1994లో ఆ ప్రభుత్వం ఉద్యోగ రిజర్వేషన్ల చట్టం చేసి వెనకబడిన కులాలకి 27 శాతం, షెడ్యూల్డు కులాలకి 21 శాతం ఖాయం చేసింది.

మరి ఏడాదిన్నరలో ఎందుకు పగిలింది? పత్రికలు చెప్పిన కారణం 'ఇద్దరు నాయకుల అహంకారం'. ఇది కారణం కాదు, కారణాన్ని దాచే మాట. జమీందారీ రద్దు తర్వాత భూమి చేతికొచ్చిన శూద్ర కులాలూ ఆ భూమిలో కూలిచేసే దళితులూ ఒకే ఊళ్ళో ఎదురెదురుగా ఉన్నారు. అసెంబ్లీలో ఒకే బెంచీ మీద కూర్చున్న పార్టీల మనుషులే పొలంలో ఆసామీ, కూలీగా ఉన్నారు. కూలి, గట్టు తగాదా, పంచాయితీ భూమి, అంబేద్కర్ విగ్రహం, వీటి దగ్గర రోజూ గొడవే. 1994లో మీరట్‌లో అంబేద్కర్ విగ్రహం గొడవలో పోలీసులు కాల్పులు జరిపారు. ఆ పోలీసులు 'మన' ప్రభుత్వపు పోలీసులే. 1995 వసంతంలో పంచాయితీ ఎన్నికలు వచ్చేసరికి ఊరి అధికారం ఎవరిదన్న ప్రశ్న నగ్నంగా బయటపడింది.

పొత్తు పత్రంలో సీట్లు పంచుకున్నారు, మంత్రి పదవులు పంచుకున్నారు. కూలిరేటు గురించి, భూమి గురించి, పోలీస్ స్టేషన్‌లో దళితుడి ఫిర్యాదు గురించి ఒక్కమాట రాసుకోలేదు. ఉమ్మడి శత్రువు ఉంటే ఉమ్మడి కార్యక్రమం దానంతటదే వస్తుందని ఇద్దరు నాయకులూ అనుకున్నారు. రాలేదు. ఇది మొదటి పాఠం.

రెండో పాఠం నాయకత్వ శైలిది. ములాయం పొత్తుని కుస్తీగోదాగా చూశారు. మిత్రుణ్ణి చిత్తు చేస్తేనే తనకి బలం అనుకున్నారు. బిఎస్పీ ఎమ్మెల్యేలని చీల్చే పని మొదలైంది. బిఎస్పీ మద్దతు తీసేసిన మర్నాడు, 1995 జూన్ 2న, లక్నో ప్రభుత్వ అతిథి గృహంలో మాయావతి ఉన్న గదిని గుంపు చుట్టుముట్టింది. కులం పేరు పెట్టి తిట్లు, తలుపులు పగలగొట్టే ప్రయత్నం, కొందరు ఎమ్మెల్యేలని ఎత్తుకుపోవడం. దీన్ని 'గెస్ట్‌హౌస్ సంఘటన' అని ముద్దుగా పిలుస్తారు. మన పల్లెల్లో దీనికి వేరే పేరుంది. దాడి. అదే పని ఊళ్ళో జరిగితే 1989 చట్టం కింద కేసవుతుంది.

మర్నాడు, జూన్ 3న, మాయావతి ముఖ్యమంత్రిగా ప్రమాణం చేశారు. ఈ దేశంలో ఏ రాష్ట్రానికైనా దళిత మహిళ ముఖ్యమంత్రి కావడం అదే మొదలు. ఆమెకి అప్పుడు 39 ఏళ్ళు. నిలబెట్టింది బిజెపి.

ఎవరు బేరమాడితే చాణక్యం, ఎవరు బేరమాడితే మొండితనం?

బిజెపితో బిఎస్పీ మూడుసార్లు ప్రభుత్వం నడిపింది. 1995లో నాలుగున్నర నెలలు. 1997లో ఆరు నెలలు నీది, ఆరు నెలలు నాది అన్న ఒప్పందం మీద మార్చి 21 నుంచి సెప్టెంబరు 21 దాకా. 2002 మే నుంచి 2003 ఆగస్టు దాకా మూడోసారి.

ఈ కొద్ది నెలల్లో జరిగింది తక్కువేం కాదు. అంబేద్కర్ గ్రామ పథకం దళితవాడలకి రోడ్డు, కరెంటు, ఇళ్ళు తెచ్చింది. అధికార్లు మొట్టమొదటిసారి వాడలోకి దిగి ఫైళ్ళు చూపించాల్సి వచ్చింది. గౌతమ బుద్ధుడు, జోతిబా ఫూలే, అంబేద్కర్ పేర్లతో జిల్లాలొచ్చాయి. కాన్పూరు విశ్వవిద్యాలయానికి సాహూ మహారాజ్ పేరు పెట్టారు. 1995 సెప్టెంబరులో లక్నోలో పెరియార్ మేళా జరిగింది. అదే ఏడాది మధురలో విశ్వహిందూ పరిషత్తు తలపెట్టిన కార్యక్రమానికి ఆమె అడ్డుకట్ట వేశారు. నిలబెట్టిన పార్టీయే అక్టోబరులో పడగొట్టింది.

ఇక 1997 సంగతి. సెప్టెంబరులో కుర్చీ కళ్యాణ్‌సింగ్‌కి అప్పజెప్పారు. ఆయన మొదట చేసిన పనుల్లో అత్యాచారాల చట్టం 'దుర్వినియోగం' అరికట్టాలన్న ఉత్తర్వు ఒకటి. అక్టోబరు 19న బిఎస్పీ మద్దతు తీసేసింది. రెండ్రోజుల్లో బిఎస్పీకి ఉన్న 67 మందిలోంచి 12 మంది అటు తేలారు, కాంగ్రెసులోంచీ చీలిక వచ్చింది. 1985 నాటి ఫిరాయింపుల చట్టం ప్రకారం మూడో వంతు చీలితేనే సభ్యత్వం నిలుస్తుంది. మూడో వంతు చీలిందని స్పీకర్ ఒప్పేసుకున్నారు. స్పీకర్ ఏ పార్టీయో చెప్పక్కర్లేదు. చీలివచ్చినవాళ్ళందరికీ పదవులిచ్చేసరికి మంత్రుల సంఖ్య 93కి చేరింది. 2003లో మళ్ళీ అదే. బిఎస్పీ ఎమ్మెల్యేలు విడిపోయి ములాయం ప్రభుత్వానికి మెట్లయ్యారు. వాళ్ళలో మొదట వెళ్ళిన 13 మంది సభ్యత్వం చెల్లదని సుప్రీంకోర్టు చెప్పింది 2007 ఫిబ్రవరిలో. అప్పటికి ఆ అసెంబ్లీ కాలమే అయిపోవచ్చింది.

ఇప్పుడు పత్రికల భాష చూడండి. మైనారిటీ ప్రభుత్వాన్ని ఐదేళ్ళు లాక్కొచ్చిన పి.వి.నరసింహారావు 'అపర చాణక్యుడు'. ఆ ఐదేళ్ళలోనే మసీదు కూలింది, ఝార్ఖండ్ ముక్తిమోర్చా ఎంపీల ఓట్ల కొనుగోలు కేసు పుట్టింది. ఐక్య సంఘటన కన్వీనరుగా ఉండి 1998 మార్చిలో వాజపేయి వైపు మళ్ళిన చంద్రబాబునాయుడుది 'రాజనీతిజ్ఞత'. ఆరు నెలల ఒప్పందాన్ని అక్షరాలా పాటించి కుర్చీ దిగిపోయిన పార్టీది మాత్రం 'అవకాశవాదం', 'బ్లాక్‌మెయిల్'. 1999 ఏప్రిల్ 17న వాజపేయి ప్రభుత్వం 269, 270తో ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. వ్యతిరేకంగా ఓటేసినవాళ్ళు 270 మంది ఉన్నా 'ద్రోహం' అన్న మాట బిఎస్పీ ఐదుగురి మీదే ఎక్కువ పడింది. అందరూ బేరమాడుతున్న సంతలో మన గంప దగ్గరికి వచ్చేసరికే బేరం పాపం అవుతుంది.

ఇక్కడే మరో సంగతి చెప్పాలి. 1997 అక్టోబరులో ఆ గందరగోళం చూసి కేంద్రంలోని ఐక్య సంఘటన ప్రభుత్వం ఉత్తరప్రదేశ్‌లో రాష్ట్రపతి పాలన పెట్టమంది. రాష్ట్రపతి కె.ఆర్.నారాయణన్ మళ్ళీ ఆలోచించమని వెనక్కి పంపారు. బలం తేలాల్సింది సభలోనే అని 1994లో బొమ్మై కేసులో సుప్రీంకోర్టు చెప్పిన సూత్రమే ఆయనకి ఆధారం. ఒక దళిత రాష్ట్రపతి రాజ్యాంగాన్ని పాటిస్తే, ఆ పూట బతికింది దళిత పార్టీని చీల్చిన ప్రభుత్వం. అయినా ఆయన చేసింది సరైనదే అంటాం మేం. సూత్రం మనవాళ్ళకి ఒకటి, ఎదుటివాళ్ళకి ఒకటి కాకూడదు. సూత్రం కూలితే మొదట నలిగేది మనమే. రెండు వైపులా ఒకే తూకం పెట్టిన ఆ నాయకత్వం మీద మన విమర్శకులు రాసింది చాలా తక్కువ.

మనవాళ్ళ లెక్క

ఎదుటివాళ్ళ తూకంరాళ్ళు దొంగవి అని తేల్చినంత మాత్రాన మన తక్కెడ సరైనది అయిపోదు. బిజెపితో మూడు పొత్తులూ ఎక్కడ నిర్ణయమయ్యాయి? ఏ జిల్లా సభలో చర్చకి పెట్టారు? వాడల్లో సైకిలు తొక్కి పార్టీని కట్టిన కార్యకర్త తన పార్టీ ఎవరితో కలిసిందో పేపర్లో చదివి తెలుసుకున్నాడు. కాన్షీరాం 1982లో 'చెంచా యుగం' రాసి, 1932 పూనా ఒప్పందం మనకి ఇచ్చింది ప్రతినిధుల్ని కాదు చెంచాల్ని అని వాదించారు. ఆయన పార్టీలోనే కింది నాయకుడికి సొంత గొంతు లేకపోవడం ఎలాంటి యుగం? పన్నెండుమంది, పదముగ్గురు మాటిమాటికీ అమ్ముడుపోవడానికి కొన్నవాడి పాపం ఎంతో, లోపల మాట్లాడే చోటు లేకపోవడం కూడా అంత కారణం.

ఇంతకన్నా బరువైనది 2002. గుజరాత్‌లో ముస్లింల ఊచకోత జరిగిన ఏడాదే, డిసెంబరు ఎన్నికల్లో మాయావతి వెళ్ళి బిజెపి తరఫున ప్రచారం చేశారు. 'మజ్బూర్ సర్కార్' సూత్రం అక్కడ తిరగబడింది. మజ్బూర్ అయింది మనం. పొత్తులో ఎక్కడిదాకా వెళ్ళచ్చు, ఎక్కడ ఆగాలి అన్న గీత ముందే గీసుకోకపోతే, పదవి ఆ గీతని రోజుకో జానెడు జరుపుతుంది.

2007లో బిఎస్పీకి 403లో 206 సీట్లు వచ్చాయి, సొంత బలం. ఇక ఏ మిత్రుడి మొహమాటమూ లేదు. కానీ ఆ ఏడాదే అత్యాచారాల చట్టం దుర్వినియోగం కాకుండా చూడాలని మాయావతి ప్రభుత్వమే ఆదేశాలిచ్చింది. పదేళ్ళ కింద కళ్యాణ్‌సింగ్ అదే పని చేసినందుకు మద్దతు తీసేసిన పార్టీ ఇది. ఎందుకిలా? సంకీర్ణం పోలేదు, పార్టీ లోపలికి వచ్చింది. బ్రాహ్మణ భాయీచారా సభలు పెట్టి తెచ్చుకున్న ఓటుకి అద్దె కట్టాల్సి వచ్చింది. బయటి పొత్తులో షరతులు కనీసం పేపర్లో పడతాయి. లోపలి పొత్తులో షరతులు కనిపించవు. తర్వాత దిగుడే. 2012లో 80, 2017లో 19, 2022లో ఒక్కటి. 2019లో సమాజ్‌వాదితో మళ్ళీ కలిసి 10 లోక్‌సభ సీట్లు గెలిచారు, గెలిచిన నెలలోపే విడిపోయారు. 2024 లోక్‌సభలో సున్నా. 2023లో మేనల్లుణ్ణి వారసుడని ప్రకటించడం, ఆర్నెల్లు తిరక్కుండానే తీసెయ్యడం, మళ్ళీ తేవడం చూసినవాళ్ళకి, రాజకీయాల్లో భక్తి నియంతృత్వానికి బాట అని 1949 నవంబరు 25న అంబేద్కర్ చేసిన హెచ్చరిక గుర్తు రాకుండా ఉండదు.

ఆ అంబేద్కరే ఒక సంకీర్ణంలాంటి మంత్రివర్గంలో పనిచేశారు. 1947 నెహ్రూ మంత్రివర్గంలో ఆయన కాంగ్రెసువాడు కాదు. నాలుగేళ్ళు ఉన్నారు. హిందూ కోడ్ బిల్లుని నీరుగార్చాక 1951 సెప్టెంబరులో రాజీనామా చేశారు. చేసి ఊరుకోలేదు. ఎందుకు పోతున్నానో వరసగా వివరించి ప్రజల ముందు పెట్టారు. షెడ్యూల్డు కులాల పట్ల నిర్లక్ష్యం, విదేశాంగ విధానం, కీలకమైన కమిటీల్లో చోటివ్వకపోవడం, కోడ్ బిల్లు, అన్నీ చెప్పారు. ప్రభుత్వంలో చేరడం ఒక పనికోసం. ఆ పని సాగకపోతే లెక్క అప్పజెప్పి బయటికి రావడం. నాయకత్వ శైలి అంటే మేం అడిగేది ఇదీ. ఆ తర్వాత ఎన్ని పొత్తులు పగిలాయి, ఎంతమంది ఇలా జనానికి లెక్క అప్పజెప్పారు?

తెలుగు నేల మీద

మన దగ్గర బిఎస్పీ ప్రయోగం 1994 అసెంబ్లీ ఎన్నికల్లో ఒక్క సీటూ లేకుండా ముగిసింది. చుండూరు వేడి, కాన్షీరాం సభలకి వచ్చిన జనం, ఏవీ ఓట్లు కాలేదు. అందుకని ఇక్కడ మనం పొత్తుల్లో భాగస్వాములం కాలేదు, పొత్తుల్లో పంచే సరుకయ్యాం.

సుస్థిరత మనకేం ఇచ్చింది? ఆంధ్రప్రదేశ్‌కి దామోదరం సంజీవయ్య 1960 జనవరిలో ముఖ్యమంత్రి అయ్యారు. కాంగ్రెసుకి తిరుగులేని రోజులవి. 1962 మార్చికల్లా కుర్చీ పోయింది. ప్రభుత్వం సుస్థిరం, దళిత ముఖ్యమంత్రి అస్థిరం. ఆయన తర్వాత ఈ రోజు దాకా రెండు తెలుగు రాష్ట్రాల్లో మరో దళిత ముఖ్యమంత్రి లేడు. తెలంగాణకి తొలి ముఖ్యమంత్రి దళితుడే అన్న హామీ 2014లో ఏమైందో అందరికీ తెలుసు. అది సంకీర్ణం కాదు, సొంత మెజారిటీ.

పొత్తుల వల్ల దక్కింది కూడా చూద్దాం. 1998లో తెలుగుదేశం 12 మంది ఎంపీల అవసరం వాజపేయికి పడింది కాబట్టే అమలాపురం ఎంపీ జి.ఎం.సి.బాలయోగి లోక్‌సభ స్పీకర్ అయ్యారు, ఆ కుర్చీ ఎక్కిన తొలి దళితుడు. గౌరవమే. కాని ఆ బేరంలో దళితుల కోసం అడిగిన కార్యక్రమం ఏది? ఇప్పటికీ అదే లెక్క. 2019 నుంచీ ఆంధ్రప్రదేశ్ హోంశాఖ వరసగా దళిత మహిళల పేరనే ఉంది. 2024లో 135 సీట్ల తెలుగుదేశం, జనసేన, బిజెపి కలిసి ప్రభుత్వం ఏర్పాటు చేసినప్పుడూ హోంశాఖ దళిత మహిళకే ఇచ్చారు, శాంతిభద్రతలు మాత్రం ముఖ్యమంత్రి దగ్గరే ఉంచుకున్నారు. తాళం మనకి, తాళంచెవి వాళ్ళకి.

కేంద్రంలో 2024లో బిజెపి 240 దగ్గర ఆగింది. తెలుగుదేశం 16, జనతాదళ్ యునైటెడ్ 12 కీలకమయ్యాయి. రాజధాని నిధులు, పోలవరం, ప్రత్యేక ప్యాకేజీలు బేరంలోకి వచ్చాయి. ఖాళీ రిజర్వుడు పోస్టులు ఏ పార్టీ బేరంలోకీ రాలేదు.

మన లోపలి పొత్తు

చివరిగా అందరం తప్పించుకు తిరిగే మాట. షెడ్యూల్డు కులాలు అన్న పేరే ఒక సంకీర్ణం. మాల, మాదిగ, రెల్లి, ఇంకా పేరు చెబితే గుర్తుపట్టని చిన్న కులాలు ఎన్నో. ఈ పొత్తులో పంపకం సరిగా లేదని మాదిగలు 1994లో ఈదుముడి నుంచి దండోరా వేశారు. 1997లో వర్గీకరణ ఉత్తర్వు, 2000లో చట్టం, 2004 నవంబరులో సుప్రీంకోర్టు కొట్టివేత, 2024 ఆగస్టు 1న ఏడుగురు జడ్జీల ధర్మాసనం మళ్ళీ ఒప్పుకోవడం. 2025 ఏప్రిల్‌లో తెలంగాణ చట్టం, ఆంధ్రప్రదేశ్ ఆర్డినెన్సు. ముప్పై ఏళ్ళు పట్టింది.

ఆ ముప్పై ఏళ్ళలో 'ఐక్యత దెబ్బతింటుంది' అన్న వాదన మనలోనే ఎన్నిసార్లు విన్నాం! సంపాదకీయాల్లోని 'సుస్థిరత' ఎలాంటి మాటో, ఇదీ అలాంటి మాటే. వాటా అడిగినవాడి నోరు మూయించే మాట. ఢిల్లీలో, లక్నోలో జనాభా ప్రకారం వాటా అడిగిన మనం, మన ఇంట్లో వాటా అడిగినవాణ్ణి చీలికవాది అంటే మన వాదనకి నైతిక బలం ఎక్కడుంటుంది? అలాగే వర్గీకరణ అయిపోయింది కదా, ఇక ఎవరి దారి వారిది అనుకున్నా పొరపాటే. కారంచేడులో చచ్చినవాళ్ళు మాదిగలు, చుండూరులో చచ్చినవాళ్ళు మాలలు. కత్తి ఉపకులం అడగలేదు.

కాబట్టి కార్యకర్తలకీ, విద్యార్థులకీ, ఉపాధ్యాయులకీ మేం పెట్టే ప్రతిపాదన చిన్నది. ఇకమీదట ఏ పొత్తు వచ్చినా, ఏ నాయకుడు వచ్చినా, ఎన్నాళ్ళుంటాడు అని అడగొద్దు. నాలుగు ప్రశ్నలడుగుదాం. భూమి, కూలి, అత్యాచారాల చట్టం గురించి పొత్తు పత్రంలో ఏం రాశారు? మనవాళ్ళకిచ్చిన శాఖలో నిర్ణయం ఎవరిది? ఏ గీత దాటితే బయటికొస్తారో ముందే చెప్పారా? వచ్చాక ఎందుకొచ్చారో వాడలో నిలబడి చెప్పారా? ఈ ప్రశ్నలు ఎదుటి పార్టీలని అడిగేముందు మన సంఘాల మహాసభల్లో, మన హాస్టళ్ళ గదుల్లో, మన నాయకుల్ని అడగాలి. జవాబు చెప్పే నాయకుడు ఆరు నెలలున్నా మనకి పనికొస్తాడు. చెప్పనివాడు ఐదేళ్ళు కదలకుండా కూర్చుంటే, ఆ సుస్థిరత బరువంతా మన నెత్తి మీదే.